గాజోని జరం

ఇరై నది పొంగి పఠాన్‌పురా దర్వాజా దాకా నీళ్ళు వచ్చిన ఏడాది ఒకటుంది. మా గని కూలీల లైనులో ముసలివాళ్ళం అందరం దాన్నే గుర్తుగా పెట్టుకుని లెక్క చెబుతాం. నేను చెప్పేది దానికి ముందటి ఏడాది వానాకాలం. అప్పటికి ఊరి పేరు ఇంకా చాందానే. అంతకుముందు దీపావళి రోజుల్లోనే మమ్మల్ని నాగ్‌పూర్ సర్కారు కింద నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. వర్ధ నది అవతల నిజాం కింద ఉండిన రాజురా వాళ్ళనూ అటే కలిపారు.

"నాగ్‌పూర్ దిక్కు తిరిగి దండం పెట్టుడు ఇప్పుడిప్పుడే నేర్సుకున్నం," అని మొండయ్య మామ లైనులో కూర్చుని నవ్వించేవాడు. "ఇగ బొంబాయి దిక్కు తిరగాలెనట. అది తూర్పా పడమరా, ఎవలన్న జెప్పుండ్రి."

మొండయ్య మామ బొగ్గుగనిలో గ్యాంగు పెద్ద. కరీంనగర్ పల్లెల నుంచి మా అందరినీ గనికి తీసుకొచ్చినవాడు ఆయనే. ఎవరు పనిలో ఉండాలో, ఎవరు పోవాలో ఆయన నోటి మీద ఉండేది. నోరు మాత్రం తియ్యన. ఆయన మాట్లాడితే ఏడ్చేవాడు కూడా నవ్వేవాడు.

నా పేరు పోశెట్టి. ఆ పేరుతో పిలిచేది మా ఇంట్లోవాళ్ళే. లైనుకు నేను గాజోణ్ణి. పుట్టుకతోనే నా ఎముకలు పెళుసు. తుమ్మితే విరుగుతాయి, దుప్పటి లాగితే విరుగుతాయి. నా కళ్ళలో తెల్లగుడ్డు తెల్లగా ఉండదు, పలచటి నీలం. దానికి ఒక పేరుందని అప్పుడు ఎవరికీ తెలియదు. మూడో తరగతిలో బెంచీ మీద నుంచి జారితే తొడ విరిగింది. మాస్తరు నన్ను చేతుల మీద ఇంటికి మోసుకొచ్చి, ఇంక పంపవద్దని మా అమ్మకు దండం పెట్టాడు. అప్పటి నుంచి అరుగు మీద కూర్చుని వెదురు చీల్చి, గనికి బొగ్గు బుట్టలు అల్లేవాణ్ణి. అమ్మ పోయాక అన్న కనకరాజు, వదిన ఐలమ్మ నన్ను చూసుకున్నారు. ఆ ఏటికి నాకు మీసాలు గట్టిపడ్డాయి.

మా ఇళ్ళు రెండు వరుసలు, ఎదురెదురుగా. ఒక్కో వరుసకు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే పొడుగాటి అరుగు. మధ్యలో సందు. వాన పడితే సందంతా బురద.

మొదటి వానలతో జ్వరం వచ్చింది. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు వచ్చినట్టే అరుగు మీద పడుకున్నారు. తల నొప్పి, కళ్ళ మంట, దగ్గు. అన్నిటికన్నా ఎముకల నొప్పులు.

"ఒక్క బొక్క గూడ సక్కగ లేదుర," అన్నాడు పక్కింటాయన. "అన్ని ఇరగ్గొట్టి మల్ల అతికిచ్చినట్టున్నయ్."

మొండయ్య మామ బీడీ వెలిగించుకుంటూ నా వైపు తిరిగాడు.

"అయితే ఇది మన గాజోని జరమేరా! ఇన్నేండ్లు ఒక్కడే అనుభవించె పాపం. ఇగ పంచిపెడుతుండు. తీస్కోండ్రి, తలా ఒక బొక్క!"

పడుకున్నవాళ్ళు కూడా దగ్గుతూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

రెండు రోజుల్లో అదే పేరు నిలిచింది. నల్లా దగ్గర ఆడవాళ్ళు, "మా ఆయనకు గాజోని జరం," "మా పోరికి గూడ గాజోని జరమే," అని చెప్పుకునేవాళ్ళు. మొదట్లో చెప్పి నవ్వేవాళ్ళు. తర్వాత నవ్వడం మానేశారు. పిల్లల్ని మా ఇంటి ముందు నుంచి కాకుండా సందులోంచి తిప్పి తీసుకుపోవడం మొదలుపెట్టారు. అల్లిన బుట్టలు తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. అవి నా వెనక గోడకు ఆనుకుని పెరిగిపోయాయి.

అప్పుడు మొండయ్య మామ వాళ్ళమ్మ భూదేవి ఆ జ్వరంతోనే చచ్చిపోయింది.

ముసలామెను కాల్చి వచ్చిన సాయంత్రం మామ తడిబట్టలతోనే మా గుమ్మం ముందుకు వచ్చాడు. వెనక నలుగురున్నారు. ఆయన ముఖం మీద ఎప్పుడూ ఉండే నవ్వు లేకపోయేసరికి మనిషే వేరుగా ఉన్నాడు.

"కనకరాజూ, జర కొన్నొద్దులు నీ తమ్ముణ్ణి ఊరు దాటియ్యాలె."

అన్న అన్నం ముందు నుంచి లేచాడు. "దాటిచ్చుడు ఏంది మామా?"

ఏందో అందరికీ తెలుసు. మా పల్లెల్లో అమ్మవారు పోసినా గత్తర తగిలినా, చిన్న బండి కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, కోడిని కూర్చోబెట్టి పొలిమేర అవతల వదిలేసి వస్తారు. వెనక్కి తిరిగి చూడరు. వదిలినదాన్ని ఎవరూ ముట్టరు. రోగం దాని వెంట పోతుందని నమ్మకం. గనికి వచ్చినప్పుడు తట్టాబుట్టతో పాటు ఆ నమ్మకాన్నీ తెచ్చుకున్నాం. కాని మనిషిని దాటించడం అంతవరకు నేను వినలేదు.

"రాజురాల మీ మేనత్త ఉన్నది గద," అన్నాడు మామ. "నడుమ వర్ధ నది ఉన్నది. నది దాటితే జరం ఇటు రాదు. తగ్గినంక నేనే పోయి తోల్కొస్త."

వదిన లోపలి నుంచి వచ్చింది. చేతికి పిండి ఉంది.

"ఏంది పెద్దబాపూ, వాడేమన్న పోచమ్మనా? బండ్ల కూసుండవెట్టి, బొట్టు వెట్టి సాగనంపుతందుకు?"

"ఐలమ్మా, మా అవ్వ పోయింది."

"నేను గూడ ఏడ్సిన గద పాడె కాడ. అవ్వ పోతే వీని బొక్కలు ఏం జేశినయ్?"

"బొక్కలల్లనే పుడుతుంది గద జరం! మాకు ఎన్నడన్న గిట్ల నొప్పులు లేశినయా? ఇన్నేండ్ల సంది వీడొక్కడే గద గిట్ల మూలిగేది? నేనొక్కణ్ణి అంటలేను, లైనంత అంటుంది."

లైనంతా అనేలా చేసిన మాట ఎవరి నోట పుట్టిందో ఆయన మరిచిపోయాడు. తల్లి పోయినవాడు. అబద్ధం ఆడుతున్నాడని నాకు అనిపించలేదు. నమ్మాడు.

అన్న నేల చూశాడు. గ్యాంగు నుంచి పేరు తీసేస్తే అన్నకు గని లేదు, గని లేకపోతే ఈ గది లేదు.

"ఆయితారం బండి మాట్లాడ్త," అన్నాడు.

వానాకాలం ఎడ్లబండి మీద రాజురా పోవడమంటే నాకు తెలుసు. బాటంతా గుంతలు. ఒక్కో గుంతకు నాలో ఒకటి విరుగుతుంది. కింద ఎంత గడ్డి వేసినా, ఎన్ని బొంతలు పరిచినా అంతే. మేనత్త ఇంటి ముందు దించేది నన్ను కాదు, మూటను.

"పోను," అన్నాను.

"ఏంది?" అన్నాడు మామ.

"పోను."

"నిన్ను అడుగుతలేనురా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆదివారం బండి రాలేదు. బండివాడికే జ్వరం. శనివారమే అన్న పడ్డాడు. ఆ తర్వాత ఎవరు పడ్డారో కాదు, ఎవరు పడలేదో వెతుక్కోవాల్సి వచ్చింది. గని కూత వేళకు వేస్తూనే ఉంది. పోయేవాళ్ళు వేళ్ళ మీద లెక్కకు వచ్చారు.

వదిన గంజి కాచి చుట్టుపక్కల ఇళ్ళకు పోసింది. తర్వాత పొయ్యి ముందే ఒరిగిపోయింది. నేను జరుగుతూ పోయి చెయ్యి పెట్టి చూశాను. నిప్పులా ఉంది.

"నువ్వు జరుగు," అన్నాను.

"నువ్వేం జేస్తవ్?"

"గంజి."

పొయ్యి నేల మీదే కాబట్టి కూర్చున్నవాడికి కష్టం లేదు. కుండ నేను ఎత్తలేను. అందుకని వదిన పక్క మీదికి పోకముందే ఆమె చేత ఖాళీ కుండను పొయ్యి మీద పెట్టించుకుని, చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోసుకున్నాను. ఉడికాక ముంతతో తోడుకున్నాను. ఒక చేత్తో ముంత, ఒక చేత్తో నన్ను నేను ముందుకు నెట్టుకోవడం. మా వరుసలో అరుగు కలిసే ఉంది కాబట్టి ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తాగారు. కొందరు గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఆడ వెట్టి పో," అంది. పెట్టి పోయాను. తిరిగి వచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉంది.

అన్నకు చెమట పట్టి చల్లబడ్డ రోజే నాకు మొదలైంది. జ్వరానికి నేను భయపడలేదు, దగ్గుకు భయపడ్డాను. తలగడ రొమ్ముకు గట్టిగా అదుముకుని దగ్గేవాణ్ణి. అయినా ఒక పక్కటెముక పోయింది. దానికి కట్టు కట్టే పని లేదు. ఊపిరి చిన్నగా తీసుకుంటే చాలు. పొయ్యి మాత్రం ఆర్పలేదు.

గని దవాఖాన కంపౌండరు బాపురావు గొడుగు వేసుకుని వచ్చాడు. మరాఠీ మనిషే గాని మా మధ్య తిరిగి తిరిగి తెలుగు పట్టుబడింది. అందరికీ తెల్ల గోళీలు పంచి, నా దగ్గర కూర్చున్నాడు.

"ఇది ఫ్లూ అంటరు బాబా. చీన్ దిక్కు నుంచి వచ్చింది. కలకత్తాల ఇదే, మద్రాసుల ఇదే, బొంబాయిల ఇదే. నాగ్‌పూర్‌ల అయితే దవాఖానల జాగ లేదు."

"నాగ్‌పూర్‌కు నేను పోలేదు," అన్నాను.

బాపురావు అర్థంగాక చూశాడు. వదిన పక్క మీద నుంచి మొత్తం చెప్పింది. ఆయన చివ్వున లేచి సందు మధ్యకు పోయి నిలబడి, రెండు వరుసలకూ వినబడేటట్టు అరిచాడు.

"పోశెట్టి హడ్డీలకు, ఈ జరానికి ఏం సంబంధం లేదు! సమజ్లా కా? నీళ్ళు తాగుండ్రి, గంజి తాగుండ్రి, పండుకోండ్రి!"

"హౌ సాబ్, హౌ సాబ్," అన్నారు రెండు వరుసలవాళ్ళూ.

గొడుగు మలుపు తిరిగాక ఎదుటి వరుసలోంచి ఎవరో అన్నారు: "కంపినీ మనిషి గట్లనే అంటడు తీ."

మరుసటి మధ్యాహ్నం ఎదుటి వరుస కొస నుంచి ఆగమ్మ అత్త గొంతు వినిపించింది. మొండయ్య మామ పెండ్లాం. మామూలుగా ఆమె పిలిస్తే గని దాకా వినబడేది. ఆ రోజు ఆ గొంతు మా అరుగు దాకా కూడా సరిగ్గా రాలేదు.

"ఎవలన్న ఉన్నరా... ఇన్ని నీళ్ళు..."

ఎవరూ పలకలేదు. పలికేవాళ్ళు లేవలేరు.

వదిన తల ఎత్తింది. "పోకు పోశెట్టీ. బురద. జారితే నిన్ను తట్టల ఏరుకరావాలె."

"ఏరుకరా," అన్నాను.

గంజి ముంతను గుడ్డలో కట్టి మెడ నుంచి వీపు మీదికి వేలాడదీసుకున్నాను. అరుగు మీద నుంచి వెనక్కి తిరిగి, పొట్ట మీద జారుతూ దిగాను. బురద చల్లగా ఉంది, మెత్తగా ఉంది. నాకు రాయి కన్నా బురదే నయం. కూర్చుని, చేతులు ఆనించి, కొంచెం కొంచెంగా జరిగాను. రెండు వైపులా తలుపుల్లోంచి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

పాకుతూ అరుగెక్కి లోపలికి పోతే ఆగమ్మ అత్త గోడకు చేరగిలబడి ఉంది. ముందు ఆమెకు పోశాను. రెండు గుక్కలు మింగి చేత్తో మామ వైపు చూపించింది. మామకు ఒంటి మీద తెలివి లేదు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. ముంత పెదవులకు ఆనించగానే నా మణికట్టు పట్టుకున్నాడు. పాతికేళ్ళు పార పట్టిన చెయ్యి.

"అవ్వా," అన్నాడు. "అవ్వా, పోకే."

టక్కుమంది.

"ఏందా సప్పుడు?" అంది ఆగమ్మ అత్త.

"పుల్ల."

విరిగిన చేతిని ఆయన పట్టులోనే ఉంచి, రెండో చేత్తో ముంత అందుకుని పోశాను. అంతా తాగాడు. నిద్ర పట్టి వేళ్ళు వదులయ్యాక చెయ్యి తీసుకుని ఇంటికి జరిగి వచ్చాను. ఈసారి ఒక్క చేత్తో కాబట్టి ఆలస్యమైంది. వదిన నా వెదురులోంచే నాలుగు బద్దలు ఏరి, చీర అంచు చింపి కట్టు కట్టింది. కడుతూ తిట్టింది. నన్ను, మామను, గనిని, బొంబాయి సర్కారును, ఎవర్నీ వదల్లేదు.

తర్వాత రోజుల్లో లైను లేచి కూర్చుంది. మగవాళ్ళు ఒక్కొక్కరూ షిఫ్టుకు పోసాగారు. పిల్లలు సందులో ఆడారు. మొండయ్య మామ కర్ర పట్టుకుని నడుస్తున్నాడని విన్నాను. ఒక సాయంత్రం ఆయన మళ్ళీ మా ఇంటి ముందుకు వచ్చాడు. ఈసారి వెంట చాలామంది ఉన్నారు. ఆగమ్మ అత్త కూడా వచ్చింది. ఒకడి చంకలో ఎర్ర కోడిపుంజు ఉంది.

మామ నా కట్టు చూశాడు. "చెయ్యికి ఏమైందిరా?"

"ఇరిగింది."

"ఎట్ల?"

"నాకు ఎట్లనో ఒకట్ల ఇరుగుతది."

ఆగమ్మ అత్త నన్ను చూసింది, మామ చేతులను చూసింది. కొంగు సర్దుకుంది.

"సల్లగుండాలె నువ్వు," అన్నాడు మామ. "లైనంత పడుకుంటే ఇంటింటికి గంజి పోశినవ్. కన్నకొడుకు జెయ్యడు. నిన్ను ఏడికి పంపం. కనకరాజూ, బండి ముచ్చట ఇడిశిపెట్టు."

అన్న నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అన్న అలా పీల్చుకోవడం చాలా రోజులకు చూశాను.

"ఇగ ఒక్కటే ఉన్నది. ఈ కోడిని నీ సుట్టు మూడు మాట్ల తిప్పి, జర్పట్ వాగు అవతల ఇడిశొస్తం. నీ పేరు మీద. జరం దానెంట పోతది."

"పోతనే ఉన్నది గద," అంది వదిన.

"మల్ల రాకుంట."

"నా పేరు మీద ఎందుకు మామా?" అన్నాను.

"నీ జరం గద."

"నాకు అందరికన్న ఎనుక వచ్చింది."

మామకు విసుగొచ్చింది. "గంత జేశినవని నిన్ను ఉంచుకుంటున్నం గదరా! ఒక్క కోడి తిప్పితే నీదేం పోతది?"

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు మాట్లాడాను.

"గంజి పోశిన్నని ఉంటలేను మామా. పొయ్యకున్న ఈడనే ఉంటుంటి. మా అన్న ఇల్లు ఇది, నేను కూసున్న అరుగు ఇది. నన్ను ఉంచుకునుడు, పంపుడు మీ చేతుల లేదు. జరం నాది గాదు. కోడిని తిప్పకుండ్రి."

కోడిని పట్టుకున్నవాడు మామ ముఖంలోకి చూశాడు. మామ తల ఊపాడు. తిప్పారు. లేచి పోలేనివాడి చుట్టూ తిరగడం సులువు. కోడి రెక్క నా చెవికి తగిలింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. వదిన అడ్డం పోబోతే ఆడవాళ్ళు పట్టుకున్నారు. అన్న అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. వద్దనలేదు.

కోడి కాళ్ళు కట్టి, పసుపు పూసి జర్పట్ వైపు తీసుకుపోయారు. చీకటి పడకముందే తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని ఎవరిళ్ళలోకి వాళ్ళు పోయారు. తేలికపడ్డ మనుషుల నడక వాళ్ళది.

"పోనియ్‌రా," అన్నాడు అన్న. "అయిపోయింది గద."

మరునాడు పొద్దున వాన తెరిపి ఇచ్చింది. వదిన వాకిలి ఊడుస్తోంది.

"వదినే, జర్పట్ దాకా తీస్కపో," అన్నాను.

"ఎందుకు?"

"కోడి."

వదిన చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. బుట్టలు గనికి తోసుకుపోయే చేతిబండి మీద బొంత పరిచి నన్ను కూర్చోబెట్టింది. ప్రతి గుంత దగ్గరా ఆగి, చక్రాన్ని చేత్తో పట్టి దించింది.

వాగు మీది మోరీ దాటాక ఒక రాయి పక్కన కోడి పడి ఉంది. తడిసి, కోపంగా ఉంది. వదిన వంగి, చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. ఎంతైనా ఆమె కూడా మా పల్లె మనిషే.

"నా ఒళ్ళె వెయ్యి," అన్నాను. "ముట్టినా ఏం గాదు."

కళ్ళు మూసుకుని అందుకుని నా ఒళ్ళో వేసింది.

మేం సందులోకి వచ్చేసరికి గని కూత వేసింది. షిఫ్టుకు పోయేవాళ్ళు గుమ్మాల్లో ఉన్నారు. మొండయ్య మామ అరుగు మీద వేపపుల్ల నములుతున్నాడు. పుల్ల నోట్లోనే ఆగిపోయింది.

"అరే! అరే పోశెట్టి! గది తేవద్దురా! దాన్ల జరమున్నది!"

"నా పేరు మీద ఇడిశిన్రు గద మామా," అన్నాను. "నాది నేను తెచ్చుకున్న."

ఎక్కడో ఒకడు నవ్వు ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. వాడు నవ్వింది నా మాటకు. లైనులో అంతవరకు నా మాటకు ఎవరూ నవ్వలేదు.

ఆగమ్మ అత్త గుమ్మంలోకి వచ్చింది. "ఐలమ్మా, కాళ్ళు నాకు ఉంచు. పులుసు వెట్టుకుంట. నడుము ఇంక లేస్తలేదు."

"నోరు ముయ్యే!" అన్నాడు మామ.

"నీళ్ళిచ్చే దిక్కులేనప్పుడే మూసుకోకపోతి. ఇప్పుడెందుకు మూస్త?"

నన్ను అరుగు మీద దించాక వదిన నీళ్ళు పెట్టింది. కోడిని కోసేదెవరని అడగబోతుంటే అన్న లోపలి నుంచి కత్తి తీసుకుని వచ్చాడు. లైను చూస్తుండగా అరుగు అంచున కూర్చుని కోశాడు. కత్తి కడిగి, చొక్కా తొడుక్కుని షిఫ్టుకు పోయాడు.

వదిన కాళ్ళు పట్టుకుంది. నేను బాగున్న చేత్తో ఈకలు పీకాను. గాలి మా వైపు నుంచి ఎదుటి వరుస వైపు వీస్తోంది. ఎర్ర ఈకలు సందు దాటి, అరుగులెక్కి, ఒక్కో గుమ్మంలోకి పోయాయి.

నేను ఏరలేదు.